తలవాల్పు లేని బుధవారం

ఫైవిష్, యూదులు కొత్తగా పెట్టుకున్న రాజ్యం వైపు మనిషా, ఆ రాజ్యానికి ఎదురు మనిషా? ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పదకొండేళ్లు రోజూ పొద్దున్నే అతని చేతి టీ తాగినవాళ్ల దగ్గరా లేదు. ఎవరికి వాళ్లు అతను తమ పక్షమేనని ఢంకా బజాయించి చెప్పేవాళ్లు. ఆ చెప్పేవాళ్లలో ఏ ఇద్దరూ ఒక పక్షం కాదు.

జెరూసలేంలో కూరగాయల బజారు వెనక, బట్టలారేసే రాతి పెరడు దాటి మూడు మెట్లు దిగితే కొరోవ్కా వాళ్ల ప్రార్థన గది. కొరోవ్కా పోలండులో ఒక ఊరు. ఊరు ఇప్పటికీ ఉందట, ఇళ్లూ ఉన్నాయట. ఆ ఇళ్లలో ఉండాల్సినవాళ్లు మాత్రం ఈ గది బీరువాలో, నల్ల అట్ట వేసిన లావుపాటి పుస్తకంలో ఉన్నారు. ఇంటికొక పేజీ. ఆ పుస్తకం కుట్టి, జిగురు రాసి, అట్ట వేసింది ఫైవిషే. చిరిగిన ప్రార్థన పుస్తకాలు బాగుచేయడం అతని బతుకుతెరువు. గది ఊడ్చి, కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, అందర్నీ లేపుకొచ్చి కూర్చోబెట్టడం అతని కొలువు. ప్రార్థన చివర అతను ఒక ఇంటి పేర్లు చదివేవాడు, తర్వాత చనిపోయినవాళ్ల కోసం చెప్పే స్తోత్రం చెప్పేవాడు. మొదటి ఇంటి నుంచి చివరి ఇంటికి రావడానికి ఇంచుమించు ఏడాది పట్టేది. ఆ మర్నాడు మళ్లీ మొదటి ఇల్లు.

ఆ స్తోత్రానికి పదిమంది మగాళ్లు కావాలి. తొమ్మిదిమంది మహాపండితులు కూర్చున్నా చెల్లదు. పదోవాడు ఒక్క ముక్క చదవడం రానివాడైనా సరే, అతను గడప లోపలికి వచ్చాకే ఆ గదికి నోరు వస్తుంది. కొరోవ్కాలో పుట్టి, యుద్ధంలో యూదుల ఊచకోత నుంచి ప్రాణాలతో బయటపడి, ఈ నగరం చేరిన మగాళ్లు ఫైవిష్‌తో కలిపి సరిగ్గా పదిమంది. ఒక్కడు అలిగితే ఆ రోజు ఒక ఇంటికి దిక్కు లేదు. ఆ పదిమందినీ చెదిరిపోకుండా పట్టి ఉంచడం తప్ప ఫైవిష్‌కి ఈ లోకంలో వేరే పనేమీ లేదు. అతని భార్యా ఇద్దరు పిల్లలూ పద్నాలుగో పేజీలో ఉన్నారు.

ఆ పదిమందిలో నోరున్నవాళ్లు ముగ్గురు.

ఒకాయన ఆన్షెల్, పెద్దరికానికి అందరూ రెబ్ ఆన్షెల్ అనేవాళ్లు. గడ్డం నడుముదాకా, కోపం ముక్కు చివరిదాకా. రాజ్యం ఇచ్చిన గుర్తింపు కార్డు ఆయన తీసుకోలేదు, ఓటెయ్యలేదు, రాజ్యం జెండా కట్టిన వీధి ఉంటే చుట్టూ తిరిగి పోయేవాడు. "దేవుడు పంపే మెస్సీయ రావాలి, ఆయనే మనల్ని చెయ్యి పట్టుకుని ఈ నేలకి తీసుకురావాలి. అంతదాకా చెదిరి బతుకుతామని దేవుడికి మాటిచ్చాం మనం. పెళ్లికొడుకు ఇంకా ఊరి పొలిమేరకే రాలేదు, వీళ్లు అప్పుడే విస్తళ్లు వేసి వడ్డించేశారు!" అనేవాడు.

రెండో ఆయన హెర్ష్‌బేర్. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. దైవభక్తిలో ఆన్షెల్‌కి ఏమాత్రం తీసిపోడు గానీ, రాజ్యం రావడమే విమోచనకు తొలి చిగురు అని ఆయన నమ్మకం. "రానివ్వండి మెస్సీయని. వచ్చేసరికి రోడ్లుండొద్దా? నీళ్లుండొద్దా? ఆయనకొచ్చే ఉత్తరాలు ఎవరు పంచుతారు, నువ్వా?" అనేవాడు.

మూడోవాడు మోట్కే. కుర్రతనంలోనే కొరోవ్కా వదిలి నేత మిల్లుకి పోయి, కార్మిక సంఘంలో పెరిగినవాడు. దేవుణ్ణి నమ్మడు, మెస్సీయని నమ్మడు, రాజ్యాన్ని అసలే నమ్మడు. యూదులు ఎక్కడున్నారో అక్కడే తలెత్తుకుని, తమ యిడ్డిష్ తాము మాట్లాడుకుంటూ బతకాలన్నది అతని సిద్ధాంతం. అలా బతికిన వీధులన్నీ బూడిదయ్యాయి కాబట్టి కూతురు ఉన్నచోటికి వచ్చి పడ్డాడు. ప్రార్థన సాగినంతసేపూ పేపరు చదివేవాడు. కానీ రోజూ వచ్చేవాడు. "నేను రాకపోతే మీరు తొమ్మిది. దేవుడి దగ్గర నాస్తికుడికి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే మా సంఘంలో ఎంతమంది చేరేవాళ్లో!" అనేవాడు.

ఫైవిష్‌ని ఎవరైనా నిలదీసి "నువ్వే చెప్పవయ్యా" అంటే "ముందు టీ తాగండి, చల్లారిపోతోంది" అనేవాడు. హెర్ష్‌బేర్ ఒకసారి రాజ్యం క్షేమం కోసం అచ్చయిన ప్రార్థన కాగితాలు పది తెచ్చి, అన్ని పుస్తకాల్లో అంటించమన్నాడు. ఆన్షెల్ ఆ కాగితం కనిపిస్తే పుస్తకమే చించుతానన్నాడు. ఫైవిష్ అన్నిట్లోనూ అంటించాడు, ఒక్క అంచుకే జిగురు రాసి. ఒకవైపు మడిస్తే కనిపిస్తుంది, రెండోవైపు మడిస్తే అట్ట లోపలికి పోతుంది. ఇద్దరూ విడివిడిగా వచ్చి అతని భుజం తట్టి వెళ్లారు.

ఇక్కడొక మాట చెప్పాలి. మామూలు రోజుల్లో పొద్దున ప్రార్థన మధ్యలో, చేసిన తప్పులు తలచుకుంటూ చేతి మీద మొహం వాల్చి చెప్పే ఒక ప్రార్థన ఉంది. పేరు తహనూన్. కొరోవ్కా వాళ్లు తమలో తాము తలవాల్పు అనుకునేవాళ్లు. మూడు నిమిషాల పని. పండగ రోజుల్లో తల వాల్చరు. అంటే రాజ్యం పుట్టిన రోజున తల వాల్చకపోతే అది పండగ అని ఒప్పుకున్నట్టు. వాలిస్తే, కాదన్నట్టు.

మొదటి ఏడు ఏం జరిగిందంటే, ఆన్షెల్ తల వాల్చాడు. హెర్ష్‌బేర్ లేచి నిలబడి పండగ కీర్తన ఎత్తుకున్నాడు. ఇతను గొంతు పెంచిన కొద్దీ ఆయన ఇంకా కిందికి వాలి, చివరికి బల్ల కిందికి చేరాడు. సగంమంది అటు, సగంమంది ఇటు. స్టవ్వు కాలు తగిలి బోర్లాపడింది, ఆన్షెల్ బల్ల కింద నుంచే హెర్ష్‌బేర్ బూటు లాగాడు. ఆ రోజు పేర్లు చదవలేదు. తర్వాత పదకొండు రోజులు గది తాళం తీయలేదు. ఆ రోజుదీ కలిపి పన్నెండు ఇళ్లు. ఫైవిష్ రోజూ మెట్ల మీద కూర్చుని, వేళ్లు ముడుస్తూ ఎవరి ఇల్లు దాటిపోయిందో చూసుకునేవాడు.

దారి అనుకోకుండా దొరికింది. రెండో ఏడు అదే రోజు పొద్దున ఒక కొత్త మనిషి, రొట్టెలు కాల్చేవాడు, ప్రార్థనకి చోటు కోసం గదిలోకి తొంగిచూశాడు. ఆ మధ్యాహ్నం వాళ్లబ్బాయికి సున్నతి. బిడ్డకు సున్నతి జరిగే రోజున తండ్రి గదిలో ఉంటే, అది ఆయనకు పండగ కాబట్టి, ఆయన పుణ్యాన గది మొత్తానికీ తలవాల్పు మాఫీ. ఎవరూ తల వాల్చలేదు. ఆన్షెల్ బిడ్డ కోసం వాల్చలేదు, హెర్ష్‌బేర్ రాజ్యం కోసం వాల్చలేదు, మోట్కే పేపరు చదువుతున్నాడు. గది ప్రశాంతంగా ఉంది. ఫైవిష్ ఆ రొట్టెలాయన చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

అప్పటి నుంచి ఏటేటా ఆ రోజుకి ఒక తండ్రి కావాలి. సున్నతి ఎనిమిదో రోజున, అంటే బుధవారం పుట్టినవాడికి బుధవారమే. కాబట్టి రాజ్యం పండగకి సరిగ్గా వారం ముందు, అదే వారాన ఈ చుట్టుపక్కల ఒక మగపిల్లాడు పుట్టి తీరాలి. ఆ పుట్టుకను ఏర్పాటు చేయడం ఫైవిష్ చేతిలో లేదు గానీ, వెతకడం ఉంది. చలికాలం నుంచే మొదలుపెట్టేవాడు. బజార్లో కూరలు బేరమాడే ఆడవాళ్ల మొహాలు కాదు, కడుపులు చూసేవాడు. అరవై దాటిన ముసలాడు, గడ్డం నిండా జిగురు మరకలు, నెలలు లెక్కబెట్టుకుంటూ నిలబడి ఉంటే ఎవరేమనుకుంటారు? మొదట్లో ఒకావిడ వంకాయ విసిరింది. తర్వాత్తర్వాత అందరికీ అలవాటైపోయింది. "రెబ్ ఫైవిష్, నన్ను చూడకండి, నాకు ఇంకో నాలుగు నెలలుంది. అదిగో, ఆ చేపల కొట్టు దగ్గరావిణ్ణి చూడండి" అని వాళ్లే చెప్పేవాళ్లు.

అతని అసలు బలం మంత్రసాని బ్రైనా. ఆవిడ కాలు పెట్టని పెరడు లేదు.

"ఏవయ్యా ఫైవిష్, నీ రాజ్యం గొడవలో నా పురుళ్లేంటయ్యా మధ్యలో?"

"రాజ్యం నాది కాదమ్మా. పదిమంది నావాళ్లు."

"పోయిన ఏడు నువ్వు తలుపు బయట అంత గట్టిగా ప్రార్థన చేస్తుంటే, లోపల ఆ పిల్ల నొప్పులు మానేసి వింటా కూర్చుంది!"

ఒక ఏడు ఆడపిల్ల పుట్టింది. ఫైవిష్ గుమ్మంలో కూలబడి కళ్లు తుడుచుకుంటుంటే బాలింతరాలే లేచొచ్చి మంచినీళ్లిచ్చింది. అదృష్టం, అదే రోజు సాయంత్రం పక్క వీధిలో మగపిల్లాడు పుట్టాడు. ఇంకో ఏడు దొరికిన తండ్రి పోలీసు. పండగ డ్యూటీ మీద ఉన్నాడు, రాజ్యం గుర్తులున్న చొక్కాతో వచ్చాడు. ఆ గుర్తు కనిపిస్తే ఆన్షెల్ గదిలో నిలబడడు. మే నెల ఎండలో ఆ పోలీసుకి ఫైవిష్ తన ఉన్ని కోటు తొడిగి మెడదాకా గుండీలు పెట్టాడు. పాపం చెమటతో తడిసిపోయి, "అయ్యా, నన్నేమైనా అరెస్టు చేశారా?" అని అడిగాడు.

ఇలా తొమ్మిది పండగలు గడిచాయి.

పదకొండో ఏడు రాజ్యం పండగ బుధవారం వచ్చింది. దానికి ముందు బుధవారం కోసం ఫైవిష్ చేతిలో ముగ్గురు ఉన్నారు, కాబట్టి ఎప్పుడూ లేనంత ధీమాగా ఉన్నాడు. మొదటావిడకి ఆడపిల్ల. రెండో ఆవిడకి మగపిల్లాడే, సాయంత్రం సూర్యుడు కుంకిన నాలుగు నిమిషాలకి పుట్టాడు. సూర్యుడు కుంకితే మర్నాటి లెక్క, సున్నతి గురువారం. "నాలుగు నిమిషాలమ్మా!" అని ఫైవిష్ తల పట్టుకున్నాడు. "నన్నేం చేయమంటావ్, సూర్యుణ్ణి పట్టుకోమంటావా, పిల్లాణ్ణి పట్టుకోమంటావా? నాకున్నవి రెండే చేతులు!" అంది బ్రైనా. మూడోవాడు మాత్రం మేలిమి బంగారం. మిట్టమధ్యాహ్నం పుట్టాడు, గుండ్రంగా ఉన్నాడు. తండ్రి వడ్రంగి, పొద్దున్నే వస్తానని మాటిచ్చాడు.

మంగళవారం సాయంత్రం బ్రైనా తనే వెతుక్కుంటూ వచ్చింది. ఫైవిష్ స్టవ్వు మీద జిగురు కాస్తున్నాడు.

"పిల్లాడు పచ్చబడ్డాడయ్యా."

"ఎంత పచ్చ?"

"నిమ్మకాయంత. కామెర్లు దిగేదాకా కత్తి పెట్టకూడదు. నువ్వు ఎన్ని దండాలు పెట్టినా నేను చెప్పేది అదే."

ఫైవిష్ దండాలేమీ పెట్టలేదు. జిగురు గిన్నెలోంచి పుల్ల తీసి, పక్కన పెట్టి, మళ్లీ అందులోనే పెట్టాడు. అతనికి అనిపించింది ఒక్కటే. మొదటి ఏడు గొడవకి పదకొండు రోజులు. ఇప్పుడు అందరికీ పదేళ్లు ఎక్కువయ్యాయి. ఈసారి విడిపోతే మళ్లీ కలుపుకునే ఓపిక ఎవరి కాళ్లలోనూ లేదు. వీధిలో ప్రతి ప్రార్థన గదీ మనుషుల కోసం చేతులు చాచుకునే ఉంది. ఆన్షెల్‌ని ఒకళ్లు, హెర్ష్‌బేర్‌ని ఒకళ్లు లాక్కుపోతారు. అప్పుడు ఆ పుస్తకం ఒట్టి పుస్తకం.

బుధవారం పొద్దున పదిమందీ వచ్చారు. వీధిలో జెండాలు. హెర్ష్‌బేర్ తెల్లచొక్కా వేసుకొచ్చాడు. ఆన్షెల్ కావాలనే పాతకోటు వేసుకొచ్చాడు. ఇద్దరూ గుమ్మం వైపు చూశారు.

"తండ్రి ఏడయ్యా?" అన్నాడు ఆన్షెల్.

"పిల్లాడికి పచ్చకామెర్లు."

మోట్కే పేపరు దించాడు. అతను పేపరు దించడం వాళ్లు ఇన్నేళ్లలో చూడలేదు.

"అయితే తల వాలుస్తాం," అన్నాడు ఆన్షెల్.

"వాల్చు చూద్దాం," అన్నాడు హెర్ష్‌బేర్.

"ఇదిగో, ఈ గది నా తాతల నాటి పద్ధతి మీద నడుస్తుంది, నీ మంత్రుల పద్ధతి మీద కాదు!"

"మీ తాతకి ఒక పోలీసుండి ఉంటే, ఒక తుపాకీ ఉండి ఉంటే, ఆ పుస్తకం ఇంత లావు ఉండేది కాదు రెబ్ ఆన్షెల్!"

"ఆ పుస్తకం జోలికి రాకు!"

"ఇద్దరూ ఆగండయ్యా," అన్నాడు మోట్కే. "పెళ్లికొడుకు ఉన్నా మాఫీయే కదా? ఈ ఫైవిష్‌కి బ్రైనానిచ్చి కట్టబెట్టండి."

"ఇవి శోకం పాటించే వారాలు, పెళ్లిళ్లు చెయ్యకూడదు, మూఢుడా! ఇంకా రెండు వారాలు ఆగాలి," అన్నాడు ఆన్షెల్.

"చావు అయితే?" అన్నాడు మోట్కే. "దుఃఖంలో ఉన్న ఇంట్లో కూడా తల వాల్చరు కదా. నన్ను చూడకండి, నేను రాజ్యం కోసం చావను. సంఘం కోసమైతే ఆలోచిస్తాను."

హెర్ష్‌బేర్ మొహం ఎర్రబడింది. చెయ్యి తెల్లచొక్కా జేబు మీదికి పోయి అక్కడే ఆగింది. ఆన్షెల్ చూపుకి ఏదీ దాగదు.

"ఏముంది అందులో?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే చెయ్యెందుకు పెట్టావ్?"

హెర్ష్‌బేర్ ఒక కవరు బయటికి తీశాడు. ఫైవిష్ పేరు మీద ఉంది. తప్పిపోయినవాళ్ల ఆచూకీ తీసే కార్యాలయం ముద్ర ఉంది. నిన్న సాయంత్రం సంచీలో కనిపించింది. ఆ కార్యాలయం నుంచి వచ్చే కవర్లలో ఎలాంటి కబురుంటుందో ఉత్తరాలు వేరుచేసేవాడికి తెలుసు. పండగ పూట ఇవ్వడానికి చేతులు రాలేదు.

"వెల్వెల్ గురించి అయ్యుంటుంది," అన్నాడు నేల చూస్తూ.

వెల్వెల్ ఫైవిష్ తమ్ముడు. యుద్ధం మొదట్లో తూర్పుకి పారిపోయాడు, అంతే. ఎప్పుడో ఎవరో ఒక ఫారం నింపమంటే ఫైవిష్ నింపి మర్చిపోయాడు. పుస్తకంలో అతని పేరు పదమూడో పేజీలో, అమ్మానాన్నల కింద ఉంది. ఏడాదికోసారి ఫైవిష్ అది చదివేవాడు.

ఆన్షెల్ గడ్డం నిమురుకుంటూ మెల్లగా అన్నాడు. "తమ్ముడు పోయిన కబురు ముప్పై రోజులు దాటి వస్తే, విన్నవాడు ఒక్క గంట కింద కూర్చుంటే చాలు. ఆ గంటసేపూ అతను దుఃఖంలో ఉన్నవాడే."

"గదికి మాఫీయే," అన్నాడు హెర్ష్‌బేర్. పదేళ్లలో మొదటిసారి ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారు.

"గంట ఎక్కువే. మనకు కావాల్సింది మూడు నిమిషాలు."

"కవరు విప్పితే..."

"అందులో ఉంటే..."

అప్పుడు ఇద్దరికీ తాము ఏం కోరుకుంటున్నారో చెవిన పడింది. ఆన్షెల్ గోడ వైపు తిరిగాడు. హెర్ష్‌బేర్ కవరు మళ్లీ జేబులో పెట్టబోయాడు. "సిగ్గు లేదురా మీకు," అన్నాడు మోట్కే, తనను కూడా కలుపుకున్నట్టు.

"ఇటివ్వండి," అన్నాడు ఫైవిష్.

అతను మొదట చేసిన పని బూట్లు విప్పడం. చావు కబురు విన్నవాడు బూట్లతో కూర్చోకూడదు కదా. విప్పి, పక్కన జతగా పెట్టి, నేల మీద కూర్చున్నాడు. చావు కబురైతే చొక్కా అంచు చింపడానికి వీలుగా ఒక చేత్తో పట్టుకున్నాడు. పుస్తకాలు కుట్టే కత్తితో కవరు కోశాడు, అంచు ఎక్కడా చెదరకుండా. లోపల ఒక అచ్చు కాగితం, దానికి గుచ్చి, యిడ్డిష్‌లో చేత్తో రాసిన ఉత్తరం. రెండు పేజీలు చదివాడు. మళ్లీ మొదటికొచ్చి చదివాడు. చొక్కా వదిలేశాడు.

"బతికున్నాడు," అన్నాడు.

వెల్వెల్ బిరోబిజాన్‌లో ఉన్నాడు. రష్యా ఆ చివర, చైనా సరిహద్దు దగ్గర, యూదుల సొంత ప్రాంతం అని ఆ ప్రభుత్వం ఎప్పుడో గీత గీసి ఇచ్చిన చిత్తడి నేల. బళ్ల కర్మాగారంలో పని. పెళ్లయింది. ఫైవిష్ ఉత్తరం పైకి చదివాడు. "అన్నయ్యా, ఇక్కడ మనకు సొంత రాజ్యమే ఉంది. రైలు స్టేషను పేరు మన అక్షరాల్లో రాశారు. దోమలెక్కువ, యూదులు తక్కువ. అక్కడ కూడా ఎవరో ఇంకో రాజ్యం పెట్టారట కదా, నిజమేనా? నీకు అక్కడ కుదరకపోతే ఇక్కడికి వచ్చెయ్. మా ఇంట్లో పొయ్యి పక్కన చోటుంది."

ఒక్క క్షణం అందరూ ఒకే మనిషిలా ఏడ్చారు. ఆన్షెల్ వచ్చి ఫైవిష్ తల ముద్దుపెట్టుకున్నాడు. హెర్ష్‌బేర్ అతని బూట్లు తొడగబోయి తాళ్లు ముడి వేసేశాడు. మోట్కే ఉత్తరం మీద స్టేషను బొమ్మేమైనా ఉందేమోనని రెండోవైపు తిప్పి చూశాడు.

తర్వాత ఆన్షెల్ గొంతు సవరించుకున్నాడు. "బతికున్నాడు కాబట్టి దుఃఖం లేదు. దుఃఖం లేదు కాబట్టి మాఫీ లేదు. తల వాల్చాల్సిందే."

"తమ్ముడు బతికొచ్చిన రోజు పండగ కాదా?"

"ఇతనికి పండగ, గదికెట్లా పండగ? తమ్ముణ్ణి ఎనిమిదో రోజున కోస్తామా?"

"అయితే తమ్ముడు ఉన్నది యూదుల రాజ్యంలోనే కదా," అన్నాడు మోట్కే. "చెప్పండి, ఆ రాజ్యానికి తల వాలుస్తారా, ఎత్తుతారా?"

"అదీ ఒక రాజ్యమేనా, దేవుడు లేని బురద!" అని హెర్ష్‌బేర్ లేచాడు.

"ఆహా! ఇప్పుడొచ్చావ్ దారికి. దేవుడు లేని రాజ్యమని నేను పదకొండేళ్లుగా నీకు చెబుతున్నది అదే కదా!" అని ఆన్షెల్ లేచాడు.

"అక్కడ యిడ్డిష్ బడి ఉండేది. ఇక్కడ నా మనవడు నా భాషని వెక్కిరిస్తాడు!" అని మోట్కే లేచాడు. మిగతా ఆరుగురూ లేచారు.

ఫైవిష్ నేల మీదే ఉన్నాడు. హెర్ష్‌బేర్ వేసిన ముడి విప్పుకుని బూట్లు సరిగ్గా కట్టుకున్నాడు. ప్రార్థన కోసం చేతికీ నుదుటికీ కట్టుకున్న తోలు పట్టీలు విప్పి, చుట్టి, సంచీలో పెట్టుకున్నాడు. నల్ల అట్ట పుస్తకం తీసి, పదమూడో పేజీ తెరిచాడు. వెల్వెల్ పేరు దగ్గర వేలు పెట్టి ఉంచాడు. పదేళ్లుగా ఊళ్లోవాళ్లందరి ముందూ తమ్ముణ్ణి తన నోటితోనే చంపుతూ వచ్చాడు. కత్తి మొనతో ఆ ఒక్క పేరూ, కింద కాగితం చిల్లు పడకుండా గీకేశాడు. గీకిన పొడి ఊదాడు.

"హైఫాకి బస్సు ఎన్నింటికి?" అని హెర్ష్‌బేర్‌ని అడిగాడు.

"ఎనిమిదిన్నరకి," అన్నాడు హెర్ష్‌బేర్ తల తిప్పకుండా. "పండగ పూట కూడా నడుస్తుంది. ఎవరిచ్చారు రెబ్ ఆన్షెల్, ఆ బస్సు? మీ తాతా?"

హైఫాలో ఓడరేవు ఉంది. ఓడలు ఎటు పోతాయో, తమ్ముడున్న దేశం తనలాంటివాణ్ణి రానిస్తుందో లేదో ఫైవిష్‌కి తెలియదు. స్టవ్వు ఆపాడు. గది తాళంచెవి మేకుకి తగిలించాడు. గుమ్మం దగ్గర ఒక్క అడుగు ఆగాడు. పదిమంది ఉండే గదిలోంచి తను వెళ్తే ఏమవుతుందో అతనికన్నా బాగా తెలిసినవాడు లేడు. వెనక ఆన్షెల్ బల్ల గుద్దుతున్నాడు. ఫైవిష్ మూడు మెట్లూ ఎక్కాడు.

పెరడు సగం దాటేసరికి లోపల గొడవ సద్దుమణిగింది. పేర్లు చదివే వేళ అయినట్టుంది. మనుషుల్ని సూటిగా లెక్కపెట్టకూడదు కాబట్టి ఆన్షెల్ వేలు చూపిస్తూ "ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు" అంటున్నాడు. "తొమ్మిది కాదు" దాకా వచ్చి ఆగాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఫైవిష్ ఆరేసిన దుప్పటి ఒకటి తప్పించుకుని, జెండాలు కట్టిన వీధిలోకి తిరిగి, బస్సుల వైపు నడిచాడు.